వేరుకంటిన మట్టి

ఫిబ్రవరి 9

ఒరేయ్ మాలోకం,

నేను ఉత్తరం రాసి ఎన్నాళ్ళయిందో నాకు గుర్తు లేదు గానీ, నువ్వు రాసి ఎన్నాళ్ళయిందో మాత్రం బాగా గుర్తుంది. బతికే ఉన్నావని మొన్న మరదలు రాసిన నాలుగు ముక్కల వల్ల తెలిసింది. సరే, ఆ తగువు తర్వాత. ముందు నాకో పని చేసిపెట్టు.

మన నర్సరీ వెనక గోడ అవతల పాత రేకుల షెడ్డు ఉండేది, గుర్తుందా? ఆ స్థలం అద్దెకు తీసుకున్నాను. షెడ్డు పీకించి, గోడకు తలుపు పెట్టించి, నేలంతా తవ్వించి జినియా నారు నాటాను. ఇన్నేళ్ళ నా బతుకులో ఇలాంటి చోద్యం చూడలేదురా! గోడ పక్క వరసల్లో మొక్క జానెడు కూడా లేవలేదు. ఈనెలు పచ్చగానే ఉన్నాయి, ఈనెల మధ్య ఆకు మాత్రం పసుపు తిరిగిపోయింది. పీకి చూద్దును కదా, వేళ్ళు పొట్టి పొట్టిగా, సెగ తగిలినట్టు ఉన్నాయి. పురుగు లేదు, తెగులు లేదు, నీళ్ళు నిలవలేదు. నా చేతి మొక్క ఇలా మొండికెయ్యడమేమిటని నాకు తిండి సయించడం లేదు.

నువ్వు ఆ ల్యాబులో కూచుని పూలమొక్కలకి విషం పెట్టి, అవి ఎంత కుంగాయో స్కేలుతో కొలుస్తుంటావు కదా. దానికి జీతం కూడా ఇస్తారంటే నాకు ఇప్పటికీ నమ్మకం కుదరదు. అందుకే నీకు పంపుతున్నాను. డబ్బాలో ఆ మట్టి ఉంది, రెండు మొక్కలున్నాయి. వేరుకంటిన మట్టి దులపలేదు. నా సంగతి నీకు తెలుసుగా, నా ఎదుట ఎవరైనా వేరు మట్టి దులిపితే ఒళ్ళు మండిపోతుంది. మొక్కకి అదే పుట్టిల్లు.

మా వాడు ఎప్పట్లాగే లారీ మీద ఊళ్ళు తిరుగుతున్నాడు. కోడలు నాతోపాటు నర్సరీ పనిలో దిగింది. చెయ్యి మంచిది. మాటే తక్కువ. అనాల్సింది అనదు, నిలబడి చూస్తుంది. అరిచేవాళ్ళతో నేను వేగగలను గానీ, చూసేవాళ్ళతో నా వల్ల కాదు. ఇక మా మనవరాలు, నువ్వు ఉయ్యాల్లో చూసిన పిల్ల, ఇప్పుడు ఇల్లంతా ఎగురుతోంది. అందరం పిట్ట అనే పిలుస్తున్నాం. పొద్దున లేచిందంటే నా వెనకే, కుండీలు నింపే షెడ్డులో. "ఇదేం పువ్వు? ఇదేం పువ్వు?" అని నా ప్రాణం తోడేస్తుంది. ఒకసారి చెబితే మళ్ళీ మర్చిపోదు. మోచేతుల దాకా మట్టిలో ముంచుకుని కూచుంటుంది. కోడలు వచ్చి లాక్కెళ్ళి కడుగుతుంది, ఇది మళ్ళీ పరిగెత్తుకొస్తుంది.

వెంటనే రాయి. వెంటనే అంటే నీ వెంటనే కాదు, నా వెంటనే.

మీ అక్క


మార్చి 2

అక్కా,

నీ తిట్లూ, నీ మట్టీ భద్రంగా అందాయి. తిట్లకు నా దగ్గర జవాబు లేదు. మట్టి సంగతి చెబుతాను, కూచుని చదువు.

మొదటిసారి అంకె చూసి మిషను పాడైందనుకున్నాను. శుభ్రం చేసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే! నువ్వు పంపిన దాంట్లో సీసం ఉంది, దానికి తోడు కాడ్మియం ఉంది. తోట మట్టిలో ఉండదగ్గ దానికి ఎన్నో రెట్లు. నేను నా కుండీల్లో భయం భయంగా కలిపే మోతాదు కన్నా ఎక్కువ. ఆ షెడ్డులో ఏం చేసేవాళ్ళో కనుక్కో. పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం కరిగించి ఉంటారని నా అనుమానం.

తినే మొక్క ఏదీ అక్కడ వెయ్యకు. ఆకుకూర మాట తలపెట్టకు. పిట్టను ఆ తలుపు దాటనివ్వకు. మిగతాది భయపడాల్సిన పని లేదు. బంతి వెయ్యి. మా కుండీల్లో బంతి, చామంతి, జినియా మూడూ పెంచి చూశాను. బంతి గట్టిది. లోహాన్ని మట్టిలోంచి లాక్కుని, తన ఒంట్లో దాచుకుని కూడా పూస్తుంది. కాడ్మియం ఆకుల దాకా పాకుతుంది, సీసం చాలావరకు వేళ్ళ దగ్గరే ఆగిపోతుంది. ఇందులో ఒక తమాషా ఉంది. కొద్దిగా లోహం తగిలిన మొక్క, అసలు తగలని మొక్క కన్నా ఏపుగా పెరుగుతుంది. మా ల్యాబు చూడ్డానికి వచ్చిన పెద్దమనుషులంతా ఆ కుండీనే మెచ్చుకుంటారు. మోతాదు ఎక్కువైతేనే కుంగడం మొదలవుతుంది.

పూత అయిపోయాక మొక్కల్ని వేళ్ళతో సహా పీకెయ్. వేరు ముక్క కూడా నేలలో మిగలకూడదు. మిగిలితే పడ్డ శ్రమంతా వృథా. అలా కొన్నేళ్ళు చేస్తే మట్టి కొంత దారికొస్తుంది. ఇన్నాళ్ళూ కుండీల్లో చూసింది నిజమైన నేల మీద, అదీ మా అక్క చేతి మీదుగా చూడబోతున్నానంటే నాకు ఎంత హుషారుగా ఉందో!

పిట్ట సంగతి కోడలితో చెప్పు. పిల్లలు మట్టిలో ఆడితేనే మంచిది. మనం ఆడలేదా? ఆ గోడ ఇవతల నీ నర్సరీ మట్టి బంగారం. ఊరికే కడగొద్దను.

నా క్షేమం తన ఉత్తరం వల్లే తెలిసిందన్నావని చెబితే మా ఆవిడ మూడు రోజులు గర్వంగా తిరిగింది.

తమ్ముడు


జూలై 18

మా శాస్త్రవేత్తగారికి,

నీ అనుమానం నిజమేరా. మన వీధి చివర మందుల షాపాయన్ని అడిగితే చెప్పాడు. అక్కడ బ్యాటరీలే పగలగొట్టేవారట, ఆ నీళ్ళన్నీ గోడ వారనే పారబోసేవారట. ఆ గోడకి ఇవతల నేను రోజూ కూచుని టీ తాగుతాను!

అయినా నీ మాట పొల్లు పోకుండా చేశాను. బంతి వేశాను. నువ్వు చూడాల్సింది! గోడ పక్కవి మరుగుజ్జుల్లా ఉండిపోయాయి గానీ, అవతలి గేటు వైపు వరసలు నా భుజం దాకా లేచాయి. పువ్వు ఒక్కోటి నా అరచేతికి పట్టదు. పూలు కొనడానికి హోటలు వాళ్ళు వచ్చి "ఏం ఎరువు వేశారమ్మా?" అని అడిగారు. మా తమ్ముణ్ణి అడగండి అన్నాను. తలుపుకి తాళం వేసి, తాళంచెవి నా బొడ్లోనే ఉంచుకున్నాను. పిట్ట అటు అడుగు పెట్టలేదు.

పోయిన వారం పూత అయిపోయింది, మొత్తం పీకించాను. నువ్వు చెప్పినట్టే, ఒక్క వేరు ముక్క మిగలకుండా. పలుగు వేసి గడ్డతో సహా పెళ్ళగించి, బుట్టల్లో ఇవతలికి మోయించాను. కోడలు గడ్డలు దులపబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చాను. పిలకతో, పీచుతో, పుట్టింటి మట్టితో సహా వచ్చేశాయి. శభాష్ అక్కా అని రాయి, ఫ్రేము కట్టించుకుంటాను.

నీ మార్చి ఉత్తరం కోడలికి చదివి వినిపించాను, ఆ మట్టి బంగారం ముక్క రెండుసార్లు. చూసింది. ఆ తర్వాత పిల్లని లాక్కెళ్ళడం మానేసింది. పిట్ట ఇప్పుడు చిన్న తట్ట పట్టుకుని నాతో సమానంగా పని చేస్తోంది.

నా మోకాళ్ళు అలాగే ఉన్నాయి. ఎరువు గుంత మాత్రం ఎన్నడూ లేనిది ఈ ఏడు అంచుల దాకా నిండింది. కోడలు కుళాయి దగ్గర పెరట్లో టమాటా, పాలకూర వేస్తానంటోంది. వెయ్యమన్నాను.

మీ అక్క (శభాష్ కోసం ఎదురుచూస్తూ)


ఆగస్టు 11

శభాష్ అక్కా!

పెద్ద అక్షరాలతో రాశాను, ఫ్రేముకి సరిపోతుందా? నీ ఉత్తరం ల్యాబులో అందరికీ చదివి వినిపించాను. గేటు వైపు మొక్కలు భుజం దాకా లేచాయన్న చోట మా పెద్దాయన లేచి నిలబడ్డాడు. సరిగ్గా మా కుండీల్లో చూసిందే.

రిపోర్టు గడువు మెడ మీద ఉంది, అందుకే పొట్టి ఉత్తరం. మళ్ళీ పంట వేసినప్పుడు ఒక పొట్లంలో ఆ స్థలం మట్టీ, మొక్కా పంపు. పోల్చి చూడ్డానికి ఇంకో పొట్లంలో నీకు బాగా నమ్మకమైన శుభ్రమైన చోటి నుంచి మట్టీ, ఏదో ఒక మొక్కా పంపు. రెండూ కలిసిపోకుండా గుర్తు పెట్టు.

తమ్ముడు


డిసెంబరు 3

ఒరేయ్ తమ్ముడూ,

పొట్లాలు పంపుతున్నాను. ఎర్ర దారం కట్టింది బ్యాటరీల స్థలానిది. తెల్ల దారం కట్టింది కుళాయి పక్క పెరటిది, పాలకూర మొక్క. ఈ ఊళ్ళో అంతకన్నా శుభ్రమైన చోటు లేదు.

మనసు బాగాలేదురా. పిట్ట నలతగా ఉంటోంది. తిండి చూస్తే మొహం తిప్పుకుంటుంది. కడుపు పట్టుకుని ముడుచుకుని పడుకుంటుంది. ఊరికే చిరాకు, ఊరికే ఏడుపు. మొహం పాలిపోయింది. డాక్టరు నులిపురుగులన్నాడు, మందిచ్చాడు, మార్పు లేదు. కోడలు దానికి వేళకి పెట్టదని నా అనుమానం. పని ధ్యాసలో పడితే పిల్ల సంగతి పట్టదు. అన్నాను కూడా. మొహాన్నే అన్నాను. మళ్ళీ ఆ చూపే.

నేనైతే నాకు చేతనైంది చేస్తున్నాను. మార్కెట్టు కూర ముట్టనివ్వడం లేదు, అన్నీ పెరటివే. టమాటాలు ఎంత బాగా వచ్చాయంటే, పిట్ట తనే వెళ్ళి కోసుకుని, అక్కడే మడి గట్టు మీద కూచుని తినేస్తుంది. అదొక్కటే ఇష్టంగా తింటోంది. పాలకూర కూడా ఏపుగా ఉంది, చూస్తే కడుపు నిండుతుంది. ఎరువు కూడా ఈసారి నల్లగా, మెత్తగా, చేత్తో పట్టుకుంటే వదలాలనిపించనంత బాగా మాగింది. కుండీల షెడ్డు నిండా అదే. అడిగిన ఖాతాదార్లకి బస్తాలు కూడా ఇచ్చాను.

పిల్లలకి కడుపునొప్పికి మీ వైపు ఏం ఇస్తారో మరదల్ని అడిగి రాయి.

మీ అక్క


జనవరి 4

అక్కా,

పిట్టకి నలతగా ఉందంటే మాకూ దిగులుగా ఉంది. మా ఆవిడ ఇంకో డాక్టరుకి చూపించమంటోంది. ఊరి డాక్టరుతో సరిపెట్టుకోకు.

పొట్లాల సంగతి చెబితే నవ్వుతావు. రెండు పొట్లాల్లోనూ నువ్వు ఆ స్థలం మట్టే పెట్టి పంపావు! తెల్ల దారం పొట్లంలోనూ సీసం ఉంది, ఎర్ర దారం దానికన్నా కాస్త తక్కువ, అంతే. పాలకూర ఆకులో కాడ్మియం చూసి నా పక్కన పని చేసే అమ్మాయి కెవ్వున అరిచింది. పెరటి మట్టి అలా ఉండే వీల్లేదు. తవ్విన పార కడగకుండా వాడి ఉంటావు, లేకపోతే పొట్లాలు కట్టేటప్పుడు కలిసిపోయి ఉంటాయి. వయసు మీద పడుతోంది కదా, సహజమే. కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ ఒకసారి పంపు.

తమ్ముడు


జనవరి 14

అయ్యా,

నా వయసు సంగతి నీకెందుకురా? మీసం రాకముందు నీ ముక్కు తుడిచిన చెయ్యి ఇది. నీకు వయసు మీద పడదా, నువ్వేమైనా ఫ్రిజ్‌లో ఉన్నావా?

పార కడగలేదట! నేను పార వాడలేదు. తెల్ల దారం పొట్లం మట్టి చేత్తో తీశాను, పాలకూర చేత్తో పీకాను, నా కొంగుతో చేతులు తుడుచుకున్నాను. ఆ మడిలో బయటి మట్టి గుప్పెడు కూడా లేదు. అదంతా నా గుంతలో మాగిన ఎరువు. ఆ ఎరువులో ఏముంది? రాలిన ఆకు, మా ఇంటి తొక్కలు, నువ్వు పీకించమన్న నీ బంతి మొక్కలు, వేరు మట్టితో సహా. అంతే. బయటి చెత్త ఒక్క బుట్ట వెయ్యలేదు. నీ మిషనే చెడిపోయింది, మెకానిక్కుని పిలిపించుకో.

ఈ తగువు ఇక్కడితో ఆపుతాను. రాయడానికి చెయ్యి ఆడ్డం లేదు. నిన్న పిట్టకి గులాబీ చూపించి "ఇదేం పువ్వే?" అని నేనే అడిగాను. నా మొహం చూసి ఊరుకుంది. బంతి చూపించాను, ఊరుకుంది. తన చుట్టూ ఉన్న వాటి పేర్లన్నీ పాటలా అప్పజెప్పే పిల్లరా అది! ఇప్పుడు నీళ్ళు కావాలన్నా చేత్తో చూపిస్తోంది. ఏమైంది దీనికి? ఎవరి దిష్టి తగిలింది?

అక్క


జనవరి 20

అక్కా, అక్కా,

ముందు ఇది చదివి, ఆ తర్వాత నన్ను చంపెయ్.

నీ ఉత్తరం క్యాంటీనులో నిలబడి చదువుతున్నాను. 'నీ బంతి మొక్కలు, వేరు మట్టితో సహా' అన్న చోట చదవడం ఆపి బయటికి పరిగెత్తాను. మీ ఇంట్లో ఫోన్ లేదు కదా, మందుల షాపుకి ఫోన్ చేశాను. నీకు చెప్పమన్నాను, చెప్పాడో లేదో తెలియదు. అందుకే ఇదంతా మళ్ళీ రాస్తున్నాను.

నీ పొట్లాలు సరైనవే. మిషను సరైనదే. తప్పంతా నాది. ఆ బంతి మొక్కలు మట్టిలోంచి లాక్కున్న లోహం ఎక్కడికీ పోదు. వాటి వేళ్ళలో, ఆకుల్లో అలాగే ఉంటుంది. కుళ్ళినా ఉంటుంది, ఎండినా ఉంటుంది. దానికి తోడు నువ్వు వేరుకంటిన మట్టి గడ్డలతో సహా మోయించావు. గోడ అవతలి విషాన్ని బుట్టల్లో ఎత్తుకొచ్చి గుంతలో మాగబెట్టి, కుళాయి పక్క మడిలో పోశాం. పిట్ట చేతులు ముంచిన షెడ్డులో పోశాం. అక్కా, నేనే పోయించాను. పీకెయ్ అని రాశాను, పీకినవి ఎక్కడ పెట్టాలో రాయలేదు. మా ల్యాబులో పీకిన మొక్క పొయ్యిలో ఎండి, సంచీలో సీలుపడి, వేరే గదిలోకి పోతుంది. దాన్ని ఎరువులో వేసేవాళ్ళు ఉంటారని నా బుర్రకి తట్టనే లేదు. నీ జూలై ఉత్తరం మళ్ళీ తీశాను. 'ఎరువు గుంత అంచుల దాకా నిండింది' అని రాసి ఉంది. అది చదివి నేను నీకు శభాష్ రాశాను!

పిట్టకి నులిపురుగులు కాదు. కడుపునొప్పి, పాలిపోవడం, మాటలు తగ్గడం ఇవన్నీ సీసం చేసే పనులు. వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి, సీసం చూడమని అడిగి రక్తం పరీక్ష చేయించు. పేరు చెప్పి అడగాలి, లేకపోతే చెయ్యరు. షెడ్డులోకి, పెరట్లోకి పిల్లని రానివ్వకు. ఆ కూరలు ఎవరూ తినొద్దు. ఎరువు తగలబెట్టకు, పొగలో కూడా వస్తుంది. కదిలించకు. తడిపి, కప్పి ఉంచు, నేను మనుషుల్ని పంపుతాను. కోడలిది ఏ తప్పూ లేదు. ఆ అమ్మాయి చేతులు కడుగుతూనే ఉంటే ఈ పిల్లకి ఇంత ఎక్కేది కాదు, అది కూడా నేనే మాన్పించాను.

తమ్ముడు


జనవరి 22

తమ్ముడికి,

మందుల షాపాయన వచ్చి నీ మాట చెప్పి వెళ్ళాడు. నీ దగ్గర్నించి మాత్రం ఉత్తరం ముక్క రాలేదు. పిల్లని మట్టి దగ్గరికి రానివ్వొద్దన్నావట, రక్తం పరీక్ష చేయించమన్నావట. నా పెరటి కూర తినొద్దన్నావట.

ఇంత మాట నాకు నేరుగా రాయలేకపోయావా? మట్టి బంగారం అన్నది నువ్వే కదరా! ఇప్పుడు నా మట్టి విషమైపోయిందా? నాకు అర్థం కాలేదనుకోకు. కోడలు నా వెనక నీకు ఉత్తరం రాసింది. మొదట్నించీ దాని మనసులో ఉన్నది ఇదే, పిల్లని షెడ్డులోకి రానివ్వకూడదని. తన నోటితో చెప్పలేక నీ నోటితో చెప్పిద్దామనుకుంది. అడిగేశాను. షాపాయన ముందే అడిగేశాను. "మా తమ్ముడికి ఎప్పుడు రాశావమ్మా?" అన్నాను. "నేను రాయలేదు అత్తయ్యా" అంది. "అయితే వాడికి కల వచ్చిందా?" అన్నాను.

తెల్లారి లేచి చూస్తే గదిలో ఎవరూ లేరు. పిల్ల లేదు. దాని బట్టల సంచీ లేదు. ఇల్లు విడిచి వెళ్ళిపోయిందిరా! మా వాడు లారీ మీద ఎక్కడున్నాడో తెలియదు. నా నెత్తిన పిడుగు పడ్డట్టుంది. నువ్వు పెట్టిన చిచ్చు ఇది. సంతోషమేనా?

అక్క


జనవరి 25

ఒరేయ్ తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చింది.

గుమ్మంలోనే చదివాను. నా రెండు చేతులు చూసుకున్నాను. గోళ్ళ సందుల్లో నల్లగా అదే మట్టి. ఈ చేతులతోనే దానికి ముద్దలు పెట్టాను.

కోడలు ఎక్కడికెళ్ళిందో అప్పుడు తట్టింది. పెద్దాసుపత్రికి పరిగెత్తాను. పిల్లల వార్డు వరండాలో బెంచీ మీద కూచుని ఉంది, పిట్ట ఒళ్ళో నిద్రపోతోంది, చేతికి దూది అంటించి ఉంది. షాపాయన చెప్పిన మాట నేను వినలేదు గానీ, తను విన్నది. నేను అరుస్తుంటే తను సంచీ సర్దుకుంది. నన్ను చూసి లేచి నిలబడి "కూచోండి అత్తయ్యా" అంది. అంతే. తిట్టినా బాగుండేదిరా.

రక్తంలో సీసం ఉంది. చాలా ఉంది. డాక్టరమ్మ కాగితం చూసి, "ఈ పిల్ల ఎక్కడ ఆడుకుంటుంది?" అని అడిగింది. కోడలే చెప్పింది, నా పేరు ఎత్తకుండా చెప్పింది. ఒంట్లోంచి సీసం బయటికి లాగే మందు మొదలుపెట్టారు. పోయిన మాటలు తిరిగొస్తాయా అని అడిగాను. "చూద్దాం" అంది. ఆ ఒక్క మాటా పట్టుకుని వచ్చాను.

నిన్ను ఏమనాలో తెలియడం లేదు. నన్ను నేను ఏమనుకోవాలో కూడా తెలియడం లేదు. నువ్వు చెప్పలేదు, నిజమే. నేను అడగలేదు కదా. మొక్క పీకితే గుంతలోకే పోవాలి, ఇంకో చోటు ఉంటుందని నాకు మాత్రం ఎప్పుడు తెలుసు?

మీ అక్క


ఫిబ్రవరి 3

అక్కా,

మా వాళ్ళు డ్రమ్ములతో బయల్దేరారు, పెరటి మడి, షెడ్డు, గుంత మొత్తం ఎత్తి మూతలు వేసి తీసుకెళతారు. నేను కూడా వద్దామనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని రాను?

ఒక్క మాట అడగాలి, అడగాలంటే భయంగా ఉంది. డిసెంబరు ఉత్తరంలో ఖాతాదార్లకి బస్తాలు ఇచ్చానన్నావు. ఎవరెవరికి ఇచ్చావో గుర్తుందా?

నా రిపోర్టు అచ్చయింది. చివరి పేజీలో ఈ మొక్కలతో నేల బాగుచేయవచ్చు అని రాశాను. పీకిన మొక్క ఎక్కడికి పోవాలో అందులోనూ రాయలేదు. తిరగరాస్తున్నాను.

తమ్ముడు


మార్చి 21

ఒరేయ్ మాలోకం,

ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు తిట్టకు. వీధులు తిరుగుతున్నాను. ఎవరికి ఇచ్చానో అన్నీ గుర్తున్నాయి. తలుపు కొట్టి, "నేనిచ్చిన ఎరువులో విషం ఉంది, తిరిగి ఇచ్చెయ్యండి" అని ఎన్ని ఇళ్ళ ముందు అన్నానో! మొదటి ఇంట్లో ఆవిడ నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. మొదటి వారంలోనే ఒకాయన బస్తా తెచ్చి మన గేటు బయట విసిరేసి పోయాడు. ఒకావిడ తలుపు మొహాన్నే వేసేసింది. నర్సరీకి ఇప్పుడు ఎవరూ రావడం లేదు. వాళ్ళ తప్పేముంది? కోడలు నాతోనే తిరిగింది. నాకు మాట తడబడిన చోటల్లా తనే చెప్పింది. ఇంత చక్కగా మాట్లాడగలదని నాకు ఇన్నాళ్ళూ తెలియదురా. ఎరువు వాడిన ఇళ్ళ పిల్లలందరికీ పరీక్ష చేయించాం. ఎవరికీ పిట్టకి ఉన్నంత లేదు. దానికి మాత్రమే రోజంతా నేను దగ్గరుండి పెట్టాను కదా.

ఇల్లంతా కడిగి, నేల మార్చాక మొన్న పిట్టని ఇంటికి తెచ్చారు. ఇన్నాళ్ళూ వాళ్ళ అమ్మమ్మ దగ్గర ఉంచారు. సీసం సగానికి దిగింది. బుగ్గలు కాస్త రంగు తిరిగాయి. మాట మాత్రం ఇంకా రాలేదు.

గేటు దగ్గర నేను చేతులు చాచాను. అది నా వైపు రాబోయింది. కోడలు దాని చెయ్యి పట్టుకుని ఆపేసి, "ముందు చేతులు, అత్తయ్యా" అంది. ఎవరైనా విని ఉంటే, ఎంత పొగరు అనుకునేవారు. నేను కుళాయి దగ్గరికి వెళ్ళి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చి చూపించాను. గోళ్ళు ఎప్పుడో మొదలంటా కత్తిరించుకున్నాను. కోడలు రెండు వైపులా తిప్పి చూసి, పిల్లని వదిలింది.

పిట్ట నా మెడ చుట్టూ చేతులు వేసి, నా భుజం మీంచి వెనక్కి చూస్తోంది. ఏదో చూసి నిటారైంది. వేలు చూపించింది.

"ఇదేం పువ్వు?"

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇద్దరం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నాం. అది మళ్ళీ అడిగింది. నేను వెనక్కి తిరిగి చూశాను. గేటు బయట, ఆ మనిషి బస్తా విసిరేసిన చోట, ఎలా పడిందో ఎలా మొలిచిందో ఒక బంతి మొక్క. ఎవరూ నాటలేదు, నీళ్ళు పొయ్యలేదు. మోకాలి దాకా లేచి, ఇంత పువ్వు పూసి ఉంది. ఒక్క మచ్చ లేదు. చూసినవాళ్ళు దానికే మొదటి మార్కు వేస్తారు.

"బంతి" అన్నాను. "బంతి" అంది. రెండోసారి తనే అంది. ముట్టుకోబోతే దాని చెయ్యి పట్టుకున్నాను.

కోడలు పిల్లని లోపలికి తీసుకెళ్ళింది. నేను చేతులకి తొడుగులు వేసుకుని, పార వేసి, గడ్డతో సహా లేపి, మూత డ్రమ్ములో పెట్టాను. వేరుకంటిన మట్టి దులపలేదు. ఈసారి దులిపితే అది మళ్ళీ నేలకే పోతుందని. మూత బిగిస్తుంటే కిటికీలోంచి పిట్ట చూస్తోంది. "ఎందుకు పీకావ్, నాన్నమ్మా?" అని అడిగింది.

మా తమ్ముణ్ణి అడిగి చెబుతానన్నానురా. దానికి ఏం చెప్పాలో, ఈ వయసు పిల్లకి తెలిసేలా నువ్వు రాయి. మొహం చెల్లదు అని కూచోకుండా నువ్వే వచ్చి చెప్పు, అది ఇంకా మంచిది. వస్తే చేతులు కడుక్కుని గాని లోపలికి రానివ్వదు మా కోడలు. ఉత్తరమే రాస్తే మాత్రం, ఈసారి పూర్తిగా రాయి.

మీ అక్క